గుడ్‌ఫ్రైడే తర్వాతి శనివారం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో జరిగిన సాధారణ బదిలీల్లో, తడకు తూర్పున పులికాట్ సరస్సు మీద ఉన్న ఒక జాలరి ఊరికి నన్ను వేశారు. అప్పటికి నేను ఏఎన్ఎంగా ఇరవై ఏళ్ళకు పైగా పని చేసి ఉన్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద కొన్ని ఉపకేంద్రాలుంటాయి. ఒక్కో ఉపకేంద్రంలో గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను చూసుకునే నర్సే ఏఎన్ఎం. మాకు పైన హెల్త్ సూపర్‌వైజరు, ఆ పైన మెడికల్ ఆఫీసరు. ఊళ్ళో ఈ హోదాలతో పని లేదు. వాళ్ళకు నేను నర్సమ్మను.

ఆ ఊరికి పడవలో వెళ్ళాలి. ఉపకేంద్రం వెనక ఒక గది, వంటకు చిన్న వసారా, అదే నా క్వార్టర్సు. మావారు నెల్లూరు దగ్గర బడిలో టీచరు కాబట్టి అక్కడే ఉండిపోయారు. నేను శనివారం సాయంత్రం తడ నుంచి రైల్లో వెళ్ళి, ఆదివారం చర్చికి వెళ్ళి, సోమవారం తెల్లవారి వచ్చేసేదాన్ని. దసరా సెలవుల్లో ఆయన గుండెపోటుతో పోయారు. మాకు పిల్లలు లేరు. జ్ఞాపకార్థ ఆరాధన అయిన వారానికి నేను మళ్ళీ డ్యూటీలో చేరాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

తర్వాత వచ్చిన శ్రమదినాలు, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజులు, ఆయన లేకుండా నేను గడిపిన మొదటివి. మా సంఘంలో ఆ నలభై రోజులూ వారానికొక ఇంట్లో సాయంత్రపు కూడిక ఉంటుంది. చాపలు పరిచి, పాటలు పాడి, క్రీస్తు శ్రమల మీద ధ్యానం చేసి, చివర్లో అందరం టీ తాగి విడిపోతాం. మావారు హార్మోనియం వాయించేవారు. ఈ ఊళ్ళో నేను తప్ప క్రైస్తవులు లేరు. డ్యూటీ అయ్యాక తలుపు దగ్గరకు వేసుకుని ఒక్కదాన్నే పాడుకునేదాన్ని. నోరు పాడేది, మనసు కదిలేది కాదు. ఆ దినాల్లో నేను చేపలు తిననని చెప్పినా ఇరుగుపొరుగు నమ్మలేదు. ఒంట్లో బాగాలేదేమోనని మరింత మంచి చేపలు పంపేవాళ్ళు.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చేది మట్టల ఆదివారం. దానికి ముందు వారంలో ఊళ్ళో మల్లిక అనే అమ్మాయికి కాన్పయింది. తొలి కాన్పు. నెలలు నిండాక కడుపులో కదలిక ఆగిందని ఆమె చెప్పిన గంటలోనే పడవ కట్టించి సూళ్లూరుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అప్పటికే గుండె చప్పుడు లేదు. మగబిడ్డ చనిపోయి పుట్టాడు. మల్లిక మత్తులో ఉండగానే భర్త శేఖర్, ఇంకో ఇద్దరు మగవాళ్ళు బిడ్డను ఊరివైపు తీసుకెళ్ళి పూడ్చేశారు. తల్లికి చూపిస్తే బెంగ పెట్టుకుంటుందని పెద్దవాళ్ళ ఆలోచన. రెండు రోజుల తర్వాత ఆమె ఖాళీ చేతులతో పడవ దిగింది.

బాలింతను నలభై రెండు రోజుల పాటు ఇంటికి వెళ్ళి చూడాలని మాకు నియమం. కానీ ఆ చూడటంలో సగం పని బిడ్డదే: బరువు తూయడం, బొడ్డు చూడటం, పాలు తాగుతున్నాడా అని అడగడం. బిడ్డ లేని ఇంటికి వెళ్ళాలంటే ఎవరికైనా కాళ్ళు రావు. నేను వెళ్ళాను. జ్వరం చూశాను, రక్తస్రావం ఎలా ఉందో అడిగాను. పాలు పొంగి రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి. చల్లటి గుడ్డలు వేసుకోమని, పిండవద్దని, పిండితే పాలు ఇంకా ఊరతాయని చెప్పాను. మల్లిక గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది.

"తిండి తినదు, నిద్ర పోదు. మర్చిపో మర్చిపో అని అందరం చెప్తానే ఉండాం నర్సమ్మా" అంది అత్తగారు ఏకాంబరమ్మ. ఆమె చెడ్డ మనిషి కాదు. కోడలి పక్కనే కూర్చుని ముద్దలు కలిపి పెట్టేది. తను కూడా తొలిచూలు పోగొట్టుకున్న మనిషేనని తర్వాత తెలిసింది.

ఈస్టర్‌కు నెల్లూరు వెళ్ళాలని నేను ముందే మెడికల్ ఆఫీసరు గారి దగ్గర పర్మిషన్ తీసుకున్నాను. ఉద్యోగం చేసే చోటు విడిచి రాత్రి బయట ఉండాలంటే ఆ పర్మిషన్ తప్పనిసరి. మా వాళ్ళలో శనివారం సమాధులకు సున్నం వేసి, ఆదివారం తెల్లవారుజామున పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని సమాధుల తోటకు వెళ్తాం. క్రీస్తు సమాధి నుంచి తిరిగి లేచినందుకు చేసే పునరుత్థాన ఆరాధన అక్కడే. ఆయన సమాధికి అది మొదటి ఈస్టర్.

గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం తెల్లచీర కట్టుకుని, గదిలో ఒక్కదాన్నే, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ధ్యానం చదువుకుంటున్నాను. నాలుగో మాట దగ్గర, తండ్రి తన చేయి ఎందుకు వదిలేశాడని క్రీస్తు అడిగిన చోట, పుస్తకం మూసేశాను. అలాగే కూర్చుని ఉండగా ఏకాంబరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నర్సమ్మా, మల్లిక నీళ్ళలోకి పోతా ఉంది! పిలిస్తే తిరగడం లే!"

ఎండాకాలం ముందు సరస్సులో నీళ్ళు తగ్గుతాయి. చాలా దూరం మోకాటి లోతే ఉంటుంది, ఆ తర్వాత పడవలు తిరిగే కాలవ దగ్గర ఒక్కసారిగా లోతు. మేము వెళ్ళేసరికి మల్లిక నడుం లోతులో ఉంది. అడుగున బురద. నాకు ఈత రాదు. చీర ఎగ్గట్టి దిగాను. ఆమెను చేరుకుని చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదు. వెనక్కి తిప్పితే తిరిగింది. అంత తేలిగ్గా రావడం చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

ఒడ్డుకు చేర్చి, బట్టలు మార్పించి, మెడికల్ ఆఫీసరు గారికి ఫోన్ చేశాను. ఆయన నెల్లూరులోని మానసిక వైద్యుడితో మాట్లాడి మళ్ళీ చేశారు. ఆ డాక్టరు గారు నెల్లూరులో లేరు, సోమవారం ఉదయానికి వస్తారు. అప్పటిదాకా ఆమెను ఒక్క నిమిషం ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో పురుగుమందు, తాళ్ళు, కత్తులు దూరంగా పెట్టాలి, పరిస్థితి ముదిరితే వెంటనే పడవలో అవతలి ఒడ్డుకు చేర్చి అంబులెన్సు పిలవాలి.

చివర్లో ఆయన, "నువ్వు రేపు పర్మిషన్ మీద వెళ్ళాలి కదమ్మా. వెళ్ళు, ఆశా చూసుకుంటుందిలే" అన్నారు.

ఆశా కార్యకర్త మంచి పిల్లే. కానీ ఆమె శేఖర్‌కు వరసకు చెల్లెలు. మర్చిపో అని చెప్పేవాళ్ళలో ఆమె కూడా ఒకరు. నేను వెళ్ళనని చెప్పాను. చెప్పిన తర్వాత వసారాలో కూర్చుని ఏడ్చాను. సున్నం వేయమని చెప్పడానికి నెల్లూరులో మా వాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు.

ఆ రాత్రి శేఖర్, ఏకాంబరమ్మ వంతులు వేసుకుని మల్లికను కాచుకున్నారు. శనివారం ఉదయం నుంచీ నేను ఆమె పక్కనే ఉన్నాను. చేయవలసిన పని అంటూ ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. బయట ఏకాంబరమ్మ తెగిన వలను బాగు చేస్తోంది. గుడ్‌ఫ్రైడేకూ ఈస్టర్‌కూ మధ్యనున్న ఆ రోజు గురించి బైబిల్లో ఉన్నది ఎంత కొంచెమో అప్పుడు గుర్తొచ్చింది. క్రీస్తు వెంట వచ్చిన స్త్రీలు ఆయన సమాధి ఎక్కడుందో చూసుకుని ఇంటికి వెళ్ళారు, విశ్రాంతి దినం కాబట్టి ఊరకున్నారు. అంతే. మరునాడు ఏం జరగబోతోందో వాళ్ళకు తెలియదు. అన్నేళ్ళుగా గుడికి వెళ్తున్నాను గానీ, ఆ శనివారం మీద ఒక్క ప్రసంగం విన్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

మధ్యాహ్నం మల్లిక ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"అక్కా, మీ ఆయన్ని యాడ పెట్టినారో నీకు తెల్సా?"

"తెలుసమ్మా. నెల్లూరులో."

"పోయి చూస్తావా?"

"చూస్తాను."

"నాకు తెల్దు" అంది. "మొగం చూడలా. యాడ పెట్టినారో చెప్పలా. కాలవకవతల దిబ్బ మీదని ఎవురో అనుకుంటా ఉంటే యిన్నా."

శిక్షణలో మాకు ఒక మాట నేర్పుతారు. చావు ఆలోచన ఉందేమో అని అనుమానం వస్తే డొంకతిరుగుడు లేకుండా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నదైతే బయటికొస్తుంది. అందుకని అడిగాను.

"నిన్న చచ్చిపోదామని పోయినావా మల్లికా?"

"దాటగలిగితే వాణ్ణి చూస్తా, దాటలేకపోతే పోతా అనుకున్నా. రొండిట్లో ఏదైనా సరే అనిపించింది అక్కా."

ఆ మాట ఉన్నదున్నట్టు మెడికల్ ఆఫీసరు గారికి ఫోన్‌లో చెప్పాను. సోమవారం తీసుకెళ్ళడంలో మార్పు ఉండకూడదని, ఈలోగా ఆ చోటు ఆమెకు చూపించడం మంచిదేనని ఆయన అన్నారు. సాయంత్రం మల్లిక కనబడేలా గుమ్మంలోనే శేఖర్‌ను, ఏకాంబరమ్మను కూర్చోబెట్టి మాట్లాడాను. శేఖర్ తల వంచుకుని ఉన్నాడు. ఏకాంబరమ్మ ఒప్పుకోలేదు.

"బాలింత ఆడికి పోకూడదు నర్సమ్మా. మాలో లేదు. నన్నెవురూ తీసుకపోలా" అంది. తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. చేతిలోని వల పక్కన పెట్టింది. తర్వాత కొడుకుతో, "ఎండెక్కక ముందే తీసుకపో అబ్బాయా. నేనూ వస్తా" అంది.

ఆదివారం తెల్లవారగానే నలుగురం పడవెక్కాం. ఆ వేళకు మా వాళ్ళు సమాధుల తోటలో పాడుతూ ఉంటారని నాకు తెలుసు. ఇక్కడ శేఖర్ గడ వేసే చప్పుడొక్కటే. కాలవ దాటాక ఇసుక దిబ్బ మీద ఒక చోట మూడు రాళ్ళు పేర్చి ఉన్నాయి. కుక్కలు తవ్వకుండా శేఖరే పెట్టాడట. ఆ తర్వాత కూడా రోజూ వేటకు పోతూ ఒకసారి ఆగి చూసి పోతున్నాడట. ఆ సంగతి భార్యకు ఆ రోజే చెప్పాడు.

మల్లిక ఇసుకలో కూర్చుంది. "తల ఏ పక్క?" అని అడిగింది. చూపించాడు. ఆమె అటు జరిగి, మాకు వీపు చేసి, రవిక విప్పి పాలు పిండింది. పిండవద్దని చెప్పినదాన్ని నేనే. ఆపలేదు. ఇసుక పాలు పీల్చుకుంటూ ఉంటే ఆమె మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. శేఖర్ చేతిలోని గడ పడేసి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏకాంబరమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసి, తనూ ఏడ్చింది. అందులో ఎంత ఈ బిడ్డ కోసమో, ఎంత పాతదాని కోసమో నేను చెప్పలేను.

నేను పడవ దగ్గరే నిలబడ్డాను. క్రీస్తు లేచాడని పక్క మనిషితో చెప్పుకునే రోజు అది. ఎవరితోనూ అనలేదు. మనసులో అనుకుంటే, ఎన్నో నెలల తర్వాత ఆ మాట నా మనసుకు పట్టింది.

సోమవారం మల్లికను నెల్లూరు తీసుకెళ్ళాం. డాక్టరు గారు చాలాసేపు మాట్లాడి మందులు రాశారు. నెలల తరబడి వాడాల్సి వచ్చింది. మధ్యలో మళ్ళీ చెడ్డ రోజులూ వచ్చాయి. తర్వాత పిల్లలు పుట్టారా అని ఈ సంగతి విన్నవాళ్ళు అడుగుతారు. పుట్టలేదు. ఆమె బతికింది. ఇప్పుడు ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది.

ఆ సోమవారమే, వాళ్ళను స్టేషన్లో రైలెక్కించి నేను సమాధుల తోటకు వెళ్ళాను. చుట్టూ తెల్లటి సమాధుల మీద బంతిపూలు వాడి ఉన్నాయి, మైనం కరిగి గడ్డకట్టి ఉంది. ఆయనది ఒక్కటే మట్టి రంగులో ఉంది. ఆటో దిగేటప్పుడు కొన్న మల్లెపూలు పెట్టి, జరిగిందంతా ఆయనకు చెప్పి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేశాను.

హెల్త్ సూపర్‌వైజరుగా రిటైరయ్యేదాకా, కొత్తగా చేరిన ఏఎన్ఎంలకు ఈ సంగతి చెబుతూ వచ్చాను. బిడ్డ పోయిన ఇంటికి బరువు తూసే త్రాసు అక్కర్లేదు, మనిషి వెళ్ళాలి. బిడ్డను ఎక్కడ పెట్టారో తల్లికి తెలుసా అని అడగాలి. చావు మాట నేరుగా అడగాలి. విశ్వాసం గురించి వాళ్ళకు నేనేమీ చెప్పలేదు, అది నా ఉద్యోగం కాదు. నా మట్టుకు నాకు తెలిసింది ఇంతే: ఆదివారం వస్తుందో రాదో తెలియని శనివారం నాడు కూడా, చూడవలసిన మనిషి దగ్గరకు వెళ్ళి కూర్చోవచ్చు. ఆశకు మా వాళ్ళు వాడే నిరీక్షణ అనే మాటకు నేను అంతకన్నా ఎక్కువ అర్థం చెప్పుకోలేదు.