కోచ్ గారి భుజం

జిమ్ గోడ మీది ఫొటోలో నూట నలభై కిలోలు తలపైకి ఎత్తి నిలబడ్డ కోచ్ గారు ఆరు నెలలుగా సొంత తల దువ్వుకోలేకపోతున్నారు. ఆ మహత్కార్యం భార్య నిర్వహిస్తోంది. చొక్కా తొడిగేదీ ఆవిడే: "కాస్త చెయ్యెత్తండి, మహానుభావా!" భుజంలో కండరం చిరిగిందని జిమ్ ఓనరుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఆయన ఠీవిగా చేతులు కట్టుకుని, గడ్డం ఆడిస్తూ పాఠం చెబుతారు. నిన్న ఓ బ్యాంకు గుమస్తా బార్ దించి, "సార్, చెయ్యెత్తితే లోపలేదో కలుక్కుమంటోంది. మానెయ్యనా?" అన్నాడు. కోచ్ గారికీ సరిగ్గా అలాగే మొదలైంది. ఆయన నోరు తెరిచేలోగా పక్కనున్న ఓనరు, "మీకెప్పుడైనా అలా అయిందా, కోచ్ గారూ?" అని అడిగాడు.

"నాకా? అబ్బే! అదంతా ఒట్టి భయమండీ."

గుమస్తా సిగ్గుపడి, బార్‌కు ఇంకో ఐదు కిలోలు తగిలించుకున్నాడు.