దసరానాడు బొట్టు పెట్టుకున్న మిషన్

మా బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుందని మొదట కనిపెట్టింది మా అత్త. అప్పుడు నేను నవ్వేశాను. ఎన్నో దవాఖానాలు తిరిగాక, హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఆ ఉప్పటి చెమటనే పరీక్ష చేయించి సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేల్చింది. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా పట్టుకుంటుందట. అది పలుచబడాలంటే పొద్దునా సాయంత్రం నెబ్యులైజర్ మిషన్‌లో ఉప్పునీటి మందు పోసి, పొగలా వచ్చే ఆ తుంపరను పీల్పించాలి. ఒంటినిండా ఉప్పున్న పిల్లకు మళ్లీ ఉప్పేనా అని మా అత్త డాక్టరమ్మనే నిలదీసింది.

వీపనగండ్ల దగ్గర మా ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే మందు. కరెంటు రాగానే మోటరు వేయడానికి మా ఆయన చేనుకు ఉరికితే, మిషన్ పెట్టడానికి నేను ఇంట్లోకి ఉరికేదాన్ని. కరెంటు పోతే చప్పట్లు కొట్టేది మా బిడ్డ ఒక్కతే. మూతికి మాస్కు పెట్టుకుని కదలకుండా కూర్చోవడం ఎనిమిదేళ్ల పిల్లకు జైలే మరి.

ఆ ఏడు దసరాకు కొద్దిరోజుల ముందే దవాఖాన నుంచి ఇంటికొచ్చాం. మందు ఒక్క పూట కూడా తప్పించొద్దని, కఫం పేరుకుంటే మళ్లీ తెచ్చి చేర్చాల్సి వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

పండుగనాడు ఎన్నడూ లేనిది పొద్దున్నే కరెంటు నిండుగా ఉంది. మిషనే కనబడలేదు. వెతికితే అరుగు మీద గొర్రు, కొడవళ్లు, పత్తికి మందు కొట్టే పంపు, ఆ పక్కన పసుపు కుంకుమలతో మా మిషన్. మోసుకుపోయి వరుసలో పెట్టింది మా బిడ్డ. పంపూ మందే కొడుతుంది, ఇదీ మందే కొడుతుంది, ఇదీ పనిముట్టే కదా అని బొట్టు పెట్టింది మా అత్త. పూజ చేసిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకపోవడం మా ఇంటి ఆచారం.

నాకు ఒళ్లు మండింది. మిషన్ తీయబోతే బిడ్డ అడ్డం నిలబడి, ముట్టుకుంటే పాపమని మా అత్త మాటలే నాకు అప్పజెప్పింది. అందరికీ పండుగైతే మిషన్‌కు వద్దా అని లా పాయింటు కూడా తీసింది. దగ్గుతూనే నవ్వుతోంది. నేను అత్త వైపు చూశాను. దసరానాడు కొడవలి ముట్టాడని మొగుణ్నే పస్తుంచిన మనిషి, ఏమంటుందోనని భయమేసింది.

ఆమె కొంగుతో మిషన్ మీది పసుపు తుడిచింది. రెండు చేతులా ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చి, మాస్కు కడిగి ఇమ్మని నాకు పురమాయించింది. బిడ్డ బిక్కమొహం వేసింది.

"అవ్వా, ముడితే పాపం తగుల్తది అంటివి గద?"

"తగిల్తే నాకు తగుల్తది. నువ్వు పీల్చు బిడ్డా."

బిడ్డ వచ్చి అవ్వ ఒళ్లో కూర్చుని, మాస్కు తనే పెట్టుకుంది.