అడవినాభి గడ్డ

బాపు బొగ్గుబాయి నుంచి రిటైరై, శ్రీరాంపూర్‌లో కంపెనీ కోటర్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మా అవ్వ, అంటే అమ్మ, ఒకటే షరతు పెట్టింది. కంచె పక్కనున్న అడవినాభి గడ్డ లేకుండా తను హుస్నాబాద్ లారీ ఎక్కనంది. అడవినాభి లిల్లీ జాతి తీగ. వానాకాలంలో ఆకు కొసలతో కంచెను పట్టుకుని పాకుతుంది, ఎరుపూ పసుపూ కలిసిన పూలు పూస్తుంది. ఎండాకాలంలో పైన ఆనవాలే ఉండదు. మేం బయల్దేరిందేమో నిండు ఎండాకాలంలో.

"ముప్పై ఏండ్లు బాయిల బొగ్గు తవ్విన. గీ గడ్డ తియ్యనా?" అని బాపు గడ్డపార అందుకున్నాడు.

"జర మెల్లగ. చేత్తోని తియ్యి" అని అవ్వ మొత్తుకుంటూనే ఉంది. వింటేనా! రెండో పోటుకే టక్కుమంది. రెండు కొమ్ముల గడ్డ అది. మొలక ఆ కొమ్ముల కొసనే వస్తుంది. ఒక కొస విరిగిపోయింది, రెండోది గీసుకుపోయింది. అవ్వ గడ్డను పాత చీరముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుని లారీ ఎక్కింది.

కొత్తింట్లో అవ్వకు ఏదీ నచ్చలేదు. నీళ్లు ఉప్పగున్నాయంది, గాలి రాదంది. బాపుతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. ఆయన గోడవార గడ్డ నాటి పొద్దూమాపూ నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. పక్కింట్లో వనమూలికలు అమ్మే చాచా అది చూసి తల పట్టుకున్నాడు.

"అరె భాయ్, మురిగిపోతది! వాన పడేదాంక దాని జోలికి పోకు. ఫికర్ చెయ్యకు."

ఊరికే ఉండడం బాపుకు చేతకాని పని. చేతులు వెనక్కి కట్టుకుని ఆ గోడ దగ్గరే తిరిగేవాడు. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

రెండు వానలు పడ్డాయి. ఏమీ రాలేదు. మూడో వాన తెల్లారి బాపు సైగ చేసి నన్ను పిలిచాడు. తడి మన్నులో వేలెడు మొలక.

"మీ అవ్వకు చెప్పకు. ఆమెనే చూడనియ్యి" అని తలుపు చాటుకు పోయి నిలబడ్డాడు.

అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది, చూసింది, అక్కడే కూలబడింది. మొలక చుట్టున్న చెత్తను వేళ్లతో ఏరసాగింది. బాపు ఇక ఉండబట్టలేక బయటికి వచ్చాడు.

"గడ్డ దెబ్బతిన్నది గదా, గీ యేడు పువ్వు రాదేమో."

"రాకుంటే రాకపాయె" అంది అవ్వ, మొలక పక్కన ఒక పుల్ల గుచ్చుతూ. "వచ్చే యేడు పూస్తది. మనం యాడికి పోతం? గీ ఇంట్లనే ఉంటం గదా."