దిగనని మొండికేసిన ప్రయాణికురాలు

మా పక్కింటి ఆంటీ ఇక లేరన్న సమాచారం చందానగర్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకరు ఆలస్యమన్న ప్రకటనకూ లిఫ్టు మరమ్మతు ప్రకటనకూ నడుమ వెలువడింది. ఆ మూడింటి కింద సభ్యులు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఏది దేనికో తేల్చుకునే ఏర్పాటు గ్రూపులో లేదు.

ఆమె ప్రభుత్వ దవాఖానలో నర్సుగా పదవీ విరమణ చేశారు. ఆదివారాలు చర్చికి, మిగతా రోజులు మా ఇంటికి క్రమం తప్పక వచ్చేవారు. విమానంలో క్యాబిన్ సిబ్బందిగా నేను అర్హత పొందిన వ్యవహారంలో ఆమె పాత్ర ఏ దస్త్రంలోనూ నమోదు కాలేదు. ఆ లోపాన్ని పాఠకుల సమక్షంలో సవరిస్తున్నాను.

కొండాపూర్‌లో ఐటీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి శిక్షణలో చేరాను. ఈత, ప్రథమ చికిత్స, మంటలార్పడం, అన్నీ నెగ్గాను. అరవడం ఒక్కటే రాలేదు. ప్రమాదవేళ తలుపు తెరిచి, ప్రయాణికులను కేకలతో దింపే పరీక్షలో రెండుసార్లు తప్పాను. నా కేక విన్నపంలా ఉందని పరీక్షాధికారి రాశారు. మూడోసారీ తప్పితే పాత ఉద్యోగమూ లేదు, కొత్తదీ లేదు.

సంగతి విని ఆంటీ మా భోజనాల బల్ల కుర్చీలను హాల్లో వరుసగా వేయించారు. చివరి కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"సామాను వదిలేయండి! ఇటు రండి!" అన్నాను.

"ఇడువ. దీన్ల నా బీపీ గోలీలున్నయ్."

"ఆంటీ, దయచేసి లేవండి."

"ఇమానం కాలుతుంటే పెండ్లికి పిలిచినట్టు పిలుస్తవేంది?"

నెల రోజులు సాయంత్రాలన్నీ ఇదే. ఒకరోజు ఆమెకు చెవుడు, ఒకరోజు చెప్పులు దొరకవు, మరొకరోజు ప్రార్థన ముగియదు. నాకు ఏడుపొచ్చిన రోజున అన్నారు: "మెల్లగ చెప్పుడే మర్యాదనుకుంటున్నవ్ బిడ్డా. వార్డుల నేనెంత మొత్తుకుంటే అంతమంది బతికిన్రు."

ఆ సాయంత్రం నా గొంతు గోడలు దాటింది. అసోసియేషన్ అధ్యక్షుడు పరుగున వచ్చారు.

"ఏమైందమ్మా? పై అంతస్తోళ్లంత కిందికి ఉరికిన్రు!"

ఆంటీ కుర్చీలోంచి కదలకుండానే నాకేసి తిరిగి, "ఇగ ఫికర్ లేదు, పాసైతవ్," అన్నారు.

మూడో ప్రయత్నంలో ధ్రువపత్రం వచ్చింది. పరీక్ష ఏటా ఉంటుంది గనుక, ఏటా కుర్చీలు వరుస కట్టేవి. ఆమె జీవితంలో ఒక్కసారీ విమానం ఎక్కలేదు. దిగడంలో మాత్రం ఆమెకున్నంత అనుభవం నా పై అధికారుల్లో ఎవరికీ లేదు. ఒకసారి ఎక్కండి ఆంటీ అంటే, "నన్ను దింపుడు నీకు మంచిగ రానీ, అప్పుడెక్కుత," అనేవారు.

ఆమెను సమాధి చేసిన నాలుగో రోజున ఈ ఏటి పరీక్ష. ఈసారి ఇంట్లో కుర్చీలు కదపకుండానే వెళ్లాను. నమూనా విమానంలో కొత్త శిక్షణార్థులు ప్రయాణికులై కూర్చున్నారు. తలుపు తెరిచి కేక వేశాను. తొలి కేకకే అందరూ లేచారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అంతటి క్రమశిక్షణను నేనెన్నడూ కోరుకోలేదు.

తాము దిగేముందు సిబ్బంది వెనక్కి తిరిగి, లోపల ఇంకెవరైనా మిగిలారేమో అరిచి తెలుసుకోవాలన్నది నియమం. జవాబు కోసం రెండు క్షణాలు ఆగితే చాలు.

"ఎవరైనా ఉన్నారా?"

పరీక్షాధికారి గడియారం చూసుకుంటున్నారు. నేను చివరి వరుస వైపు చెవి ఒగ్గి, తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.