మొదటి గడిలో లాభం

2022 జూన్ 14, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నా డెబ్బై ఒక్క ఏళ్లలో కాటా చూపించని బరువును ఒప్పుకున్నదాన్ని కాదు.

దేవరకొండ దగ్గర మా మహిళా సంఘం కందులు కొంటుంది. లెక్కలు నావి, కంప్యూటర్ నా కూతురు సుజాతది. రోజూ సాయంత్రం రైతుల పేర్లు, తూకాలు ఎక్సెల్‌లోంచి కాపీ చేసి సంఘం డేటాబేస్‌లో పేస్ట్ చేసేది.

గింజలు కొలిచేటప్పుడు మా ఇంట్లో మొదటి కుంచాన్ని ఒకటి అనం, లాభం అంటాం. ఆ తర్వాత రెండు, మూడు. సుజాతకూ అదే నేర్పాను. కొత్తలో ఒకసారి వరుస సంఖ్య గడిలో 1 బదులు లాభం అని కొట్టింది. డేటాబేస్ ఆ రోజు లెక్క మొత్తం తిప్పి పంపింది.

"నువ్వు లాభమంటవ్, గీ డబ్బా ఒకటే అంటది. మీ ఇద్దరి నడుమ నేను నలుగుతున్న" అని నవ్వింది. అప్పటి నుంచి చేత్తో 1 కొట్టేది, నోటితో లాభం అనుకునేది.

ఈ 2022 మార్చి 9న సుజాత పోయింది. నాలుగు రోజుల జ్వరం, నల్లగొండ దవాఖాన. నలభై నిండలేదు.

జూన్‌లో సంఘం కొత్త డేటాబేస్ పెట్టింది. పాత లెక్కలు అందులోకి ఎక్కించాక ఆ కంప్యూటర్ని ఖాళీ చేసి వేరే ఊరి కేంద్రానికి ఇస్తామన్నారు. బిడ్డ చేసిన పనిలో ఒక్క వరుస కూడా తప్పిపోకూడదని నేనే కూర్చున్నాను. కొత్త ఆపరేటర్ స్వాతి పక్కన ఉంది.

సుజాత ఎక్కించిన మొట్టమొదటి రోజు లెక్క కాపీ చేసి పేస్ట్ కొట్టాను. మొదటి గడిలో లాభం అని పడింది. కింద 2, 3, 4.

పాతదాంట్లో చూశాను. 1 అనే ఉంది. మళ్లీ చేశాను, మళ్లీ లాభమే. మూడోసారి స్వాతి చేసింది. అదే.

"అవ్వా, గా గడిల అచ్చరాలు పడనే పడయి" అని, కింది గడిలో ఒక అక్షరం కొట్టి చూపించింది. పడలేదు. సుజాత ఒకప్పుడు ఆ మాట కొట్టిన సంగతి స్వాతికి నేనెప్పుడూ చెప్పలేదు. ఫోటో తీయాలని ఇద్దరికీ తోచలేదు.

సేవ్ నొక్కితే ఎర్ర గీత వచ్చింది. ఆ మాట ఉంచితే ఆ రోజు కందులు పోసిన రైతుల తూకాలు ఎక్కవు.

"నువ్వే దిద్దు అవ్వా, నాకు చెయ్యి వస్తలేదు" అంది స్వాతి.

నేనే చెరిపి 1 కొట్టాను. ఎక్కింది.

మిగతా రోజులన్నింటికీ 1 వచ్చింది. పని అయిపోయాక కూడా ఆ మొదటి రోజుది ఖాళీ పేజీలో మళ్లీ మళ్లీ పేస్ట్ చేస్తూ కూర్చున్నాను. ప్రతిసారీ 1. చివరికి స్వాతి నా చెయ్యి పట్టుకుని లేపింది.

తర్వాత తెలిసినవాళ్లను అడిగాను. అంకె కాపీ చేస్తే అంకే వస్తుందన్నారు. అది నాకూ తెలుసు. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

పోయినవి ఇవి: కూతురు. తన కంప్యూటర్. నా చేత్తో చెరిపిన ఆ మాట. మొత్తం మూడు. ఈ లెక్క మాత్రం ఒకటి నుంచే మొదలుపెట్టాను.