నలభై అని రాసున్న చక్రం

మా ఆయన మాచర్లలో ఇనుము తిప్పి కోసే ఒక లేతు మిషను షెడ్డులో టర్నరు. నేను క్రైస్తవ మిషన్ బడిలో చిన్న తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. ఆయన చేతిపనికి వంక పెట్టడానికి లేదు కానీ, భిన్నాలు కనబడితే మాత్రం చెమటలు పట్టేవి. ఇనప రాడ్డు మీద మర కోయాలంటే అంగుళానికి ఎన్ని చుట్లు రావాలో చూసుకుని, మిషనుకు ఏ పళ్ల చక్రం పైన బిగించాలో, ఏది కింద బిగించాలో ముందే లెక్క కట్టాలి. ఆ లెక్క నా నెత్తిన పడింది.

సాయంత్రం బడి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని లెక్క తేల్చేదాన్ని. ఏ చక్రాలు బిగించాలి, ఎంత లోతు కోయాలి, ఎన్ని విడతల్లో కోయాలి, అన్నీ వరసగా కాగితం మీద రాసిచ్చేదాన్ని. ఆయన దాన్ని మిషను పక్కన మేకుకు గుచ్చి, రాసింది రాసినట్టు చేసేవారు. ఆ మిషను ఎలా ఉంటుందో నేనెన్నడూ చూడలేదు. షెడ్డులోకి ఆడవాళ్లను రానివ్వరు.

అవి అరవైల్లో కొత్త కాలువలు తవ్వుతున్న రోజులు. ఒక కాంట్రాక్టరు తూము షట్టరు ఎత్తే ఇత్తడి నట్టు తెచ్చి, దానికి సరిపడే మర రాడ్డు చేసిమ్మన్నాడు. అంగుళానికి మూడు చుట్లు. మిషను సొంత మరకు నాలుగని ఆయన చెప్పారు. పైన నలభై పళ్ల చక్రం, కింద ముప్పై పళ్లది అని రాసిచ్చాను. రాడ్డు తయారైంది. నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది.

ఆయన ఇంటికొచ్చి కాగితం నా ముందు పడేశారు. లెక్క తప్పంటారు ఆయన. కాదు, చెయ్యి తప్పంటాను నేను. ఆ వారమంతా మా ఇంట్లో అన్నం మీద కూడా అదే గొడవ. నాలుగుసార్లు మళ్లీ కట్టి చూశాను. లెక్క సరిగానే ఉంది. సరిగ్గా ఉన్న లెక్క పనిచేయకపోతే కలిగే చికాకు ఇంతా అంతా కాదు. బడిలో పిల్లల మీద అరిచాను.

ఇప్పుడు కంప్యూటరే ఆ సూచనలు రాసిపెట్టి, ఇనుమును ముట్టకముందే కోత ఎలా సాగుతుందో తెరమీద చూపిస్తుందట. మాకు అప్పట్లో ఒక కర్రముక్కే దిక్కయింది. ముందు మెత్తటి పొణికి కర్ర మీద కోసి చూడమన్నాను. కోశారు. నట్టు ఆ చివర దాకా తిరిగింది. ప్రాణం లేచివచ్చింది. గుంటూరు నుంచి రైల్లో వచ్చిన రెండో రాడ్డు మిషనుకెక్కించారు. అదీ రెండు చుట్లకే బిగుసుకుంది.

ఆ కర్ర మమ్మల్ని మోసం చేసింది. మెత్తటిది కాబట్టి నట్టు లోపల నలిగి దారిచ్చింది, ఇనుము ఎందుకిస్తుంది? ఆ సంగతి తట్టాక నాకు ఏడుపొచ్చింది. మర్నాడు బడికి సెలవు పెట్టి నేరుగా షెడ్డుకు వెళ్లాను. యజమాని గుమ్మంలోనే ఆపాడు.

"పంతులమ్మా, ఇది ఆడోళ్లు వచ్చే చోటు కాదు."

"రెండు రాడ్లు పోయినయ్యి. మూడోది కూడా పోనిస్తారా?" అన్నాను.

పక్కకు జరిగాడు. చక్రాలు విప్పి ఇమ్మని మా ఆయన్ని అడిగాను. పైచక్రం మీద తెల్లరంగుతో నలభై అని రాసుంది. ఒక పంటి మీద సుద్దతో గుర్తుపెట్టి లెక్కబెట్టాను. ముప్పై తొమ్మిది. మళ్లీ లెక్కబెట్టినా ముప్పై తొమ్మిదే. అసలు చక్రం ఎప్పుడో విరిగితే ఎవరో ఇంకొకటి పోతపోయించి, పాత అంకె రాసిపెట్టినట్టున్నారు. ప్రతి చుట్టులోనూ వెంట్రుకవాసి తేడా, చుట్టుచుట్టుకీ పెరుగుతూ పోయింది. అక్కడున్న వాటిలో అదే నిష్పత్తి వచ్చే అరవై, నలభై అయిదు పళ్లవి లెక్కబెట్టి తీసి, అవి బిగించమన్నాను.

మూడో రాడ్డు మీద నట్టు నూనె పోసినట్టు తిరిగింది. కాంట్రాక్టరు వస్తే, తప్పు తన టర్నరే కనిపెట్టాడని యజమాని చెప్పాడట. మా ఆయన పక్కనే ఉండి మాట్లాడలేదట. ఆ మాట ఆయనే ఇంటికొచ్చి చెప్పారు.

"మీరెందుకు నోరు మెదపలేదు?"

"ఆడదాని లెక్కతో మిషను నడుపుతున్నాడంటారని చానా భయమేసిందే," అన్నారు తలొంచుకుని.

నాకు జాలి కలగలేదు. ఇక లెక్కలు కట్టనన్నాను. రెండు వారాలు కట్టలేదు కూడా. ఆయన తంటాలు పడుతున్నారని తెలిసినా కాగితం ముట్టలేదు.

మూడో ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి ఆయన గోనెసంచి భుజాన వేసుకుని వస్తున్నారు. షెడ్డులోని చక్రాలన్నీ తెచ్చి వరండాలో కుమ్మరించారు. నీ లెక్కలు కావాలంటే చక్రాలు నువ్వు చూడాల్సిందేనని యజమానితో చెప్పి, నీ పేరు మీదే అడిగి తెచ్చానని అన్నారు. కోపం పూర్తిగా పోలేదు కానీ సుద్దముక్క తీసుకుని కూర్చున్నాను. ఆ పూట ఇంకో రెండు తప్పుడు అంకెలు బయటపడ్డాయి. నేను చెబుతుంటే ఆయన పాతరంగు గీకి, కొత్త అంకెలు రాశారు.