మా ప్రింటరు పలికిన రోజు

బంటింగ్‌లో మా చిన్నప్పుడు... సాయంత్రం ఆరు దాటితే హాల్లో కంప్యూటరు తెర మీద ఓ పెంగ్విన్ బొమ్మ వెలిగేది. నాన్న పోర్ట్ క్లాంగ్ గోదాములో పని ముగించుకుని వచ్చి, కాళ్లు కడుక్కుని, చొక్కా కూడా మార్చకుండా దాని ముందు కూర్చునేవాడు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో మామ్మ, అంటే నాన్నకి అమ్మ.

మామ్మ పాడాలి, నాన్న టైపు చెయ్యాలి.

సముద్రం దాటి ఇక్కడి రబ్బరు తోటల్లో పనికొచ్చిన మన తెలుగు ఆడవాళ్లు పెళ్లిళ్లలో పాడుకున్న పాటలవి. నలుగు పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పాడే అప్పగింతల పాటలు... మామ్మకి చదువు రాదు. అన్నీ నోటికే వచ్చు.

"అమ్మా, రవ్వంత ఆగు. ఒత్తు పడనేదు," అనేవాడు నాన్న, ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ.

"నీ యేలు కదిలేసరికి పెళ్లికూతురు ముసలిదైపోద్ది రా!" అని మామ్మ పకపకా నవ్వేది.

అప్పట్లో అందరిళ్లలోనూ విండోసే. మా పాత కంప్యూటర్లో ఆ విండోస్ తెలుగుని వట్టి డబ్బాల్లా చూపించేది. అందుకని నాన్న విండోస్ తీసేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లైనక్స్ పెట్టాడు; ఆ పెంగ్విన్ దాని గుర్తే. నెలల తరబడి కుస్తీ పట్టి తెలుగు అక్షరాలు రప్పించాడు. "ఇది మనదమ్మా. ఎవుడో వచ్చి దీనికి తాళం ఎయ్యనేడు," అని మురిసిపోయేవాడు.

నిజం చెప్పొద్దూ... నాకు దాన్ని చూస్తే ఒళ్లుమంట. మోడెం పలకదు, స్పీకర్లు పలకవు, ప్రింటరు అసలే పలకదు. నాన్న గోదాము ఆఫీసు నుంచి ఏదో ఇంటర్నెట్ ఫోరంలో అడిగితే, మాన్యువల్ చదువుకోమని ఎవరో కసురుకున్నారట. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని ఊదరగొట్టేవాళ్లకి, పద్నాలుగేళ్ల పిల్ల సోమవారం స్కూల్లో ఫోలియో, అంటే ప్రాజెక్టు పుస్తకం, ఇవ్వాలన్న సంగతి పట్టదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ ప్రింటరు పలకకపోబట్టే మామ్మ పాటలు కూడా కాగితం మీదికి రాలేదు. "అది కుదరనీ లా, ఒకేసారి పుస్తకం సేసేద్దాం," అనేవాడు నాన్న, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర "లా" తగిలించి. ఇంకోచోట దాచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇంతలో మామ్మకి పక్షవాతం వచ్చింది... నోరు పడిపోయింది. అయినా సాయంత్రం అదే కుర్చీలో కూర్చునేది. నాన్న తెర మీద పాట తెరిచి చదువుతుంటే పెదాలు కదిపేది. చప్పుడు వచ్చేది కాదు గానీ, ముఖం మాత్రం విప్పారేది.

ఆ శనివారం మధ్యాహ్నం నాన్న పనిలో ఉన్నాడు. నా స్నేహితురాలు సంతలో కొన్న విండోస్ సీడీ ఇచ్చింది. లోపల పెట్టాను. డిస్కులో ఉన్నది ఏమిటో "తెలియదు" అని చూపించింది. లైనక్స్ దాచిన వస్తువు విండోస్ కంటికి ఆనదని నాకేం తెలుసు? తెలియనిది అంటే పనికిరానిదనుకున్నాను. తుడిచెయ్యమన్నాను... తుడిచేసింది.

ప్రింటరు మొదటిసారి పలికింది. మా ఊరి రబ్బరు తోట చరిత్ర మీద పన్నెండు పేజీల ఫోలియో, రంగుల్లో! ఆ కాగితాలు గుండెకి హత్తుకుని ఇల్లంతా తిరిగాను.

నాన్న వచ్చి తెర చూసి, "ఏటమ్మా ఇది?" అన్నాడు.

"విండోస్ ఏసినాను నాన్నా. ప్రింటర్ పన్జేస్తంది సూడు!"

"మరి... మామ్మ పాటలు?"

"అందులో ఏటీ నేదు నాన్నా. ఖాళీయే..."

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. "పోన్లేమ్మా, నాకు గుర్తున్నాయిలే," అన్నాడు. అబద్ధం. మర్నాడు పొద్దున్నే కాగితం, పెన్ను పట్టుకుని మామ్మ ముందు కింద కూర్చున్నాడు. మొదటి మాట ఒకటి అందించి, తర్వాత ఏంటమ్మా అని అడిగాడు. మామ్మ నోరు తెరిచింది... ఆ... ఆ... అంతే. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాన్న పెన్ను మూసేశాడు. నేను తలుపు వెనక నుంచి చూస్తూ ఉండిపోయాను.

మామ్మ ఆ ఏడాదే పోయింది.

ఇప్పుడు నా ఉద్యోగమే లైనక్స్ సర్వర్ల మీద. ఆ రోజు తుడిచాక విండోస్ ఎక్కించకుండా ఆగి ఉంటే, బహుశా కొంతైనా వెనక్కి వచ్చేదని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఈ రోజు లైనక్స్ పెడితే ప్రింటరు అడక్కుండానే పలుకుతుంది. తెలుగు ఫోన్లోనూ వస్తుంది. అన్నీ కుదిరాయి... పాడే మనిషే లేదు. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. ఇక మన కంప్యూటరు మనదే అన్న నాన్న మాట... మన ఫోటోలు కూడా ఇప్పుడు ఎవరి కంప్యూటర్లోనో ఉంటున్నాయి, వాళ్ల ఇష్టం ఉన్నన్నాళ్లు చూసుకుంటున్నాం.

మొన్న క్లాంగ్‌లో మా తమ్ముడి కూతురి పెళ్లి. అప్పగింతలప్పుడు పాడేవాళ్లే లేరు. ఎవరో ఫోన్లో సినిమా పాట పెట్టారు. నాన్న ఒక్కసారి నా వైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

బంటింగ్, కువాలా సెలంగోర్ వైపు తోటల్లో పెరిగిన తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతున్నారా? మీ మామ్మలు, అమ్మమ్మలు పాడిన అప్పగింతల పాట ఒక్క చరణం గుర్తున్నా చాలు... రాయక్కర్లేదు, తప్పులొచ్చినా ఫర్వాలేదు, పాడి పంపండి. మా నాన్నకి ఒక చెవి ఇంకా వినపడుతోంది.